ఊడిన అతుకు

"పైపు మీది, గోడ మీది. జారే కాలు మాత్రం మాదా బాబాయిగారూ?"

పై వాటాలోకి ఈమధ్యే అద్దెకు దిగిన దర్జీ గుమ్మంలో నిలబడి అడిగాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. కుట్టు మధ్యలో వదిలేసి దిగివచ్చినట్టున్నాడు.

ఇంటి యజమాని అప్పుడే గీసుకున్న గడ్డాన్ని తువ్వాలుతో ఒత్తుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. బజారులో ఆయనకు పైపులూ పంపులూ అమ్మే షాపుంది. అందరూ పైపులాయన అనే అంటారు.

"కూర్చో అబ్బాయ్. పరగడుపున చట్టం మాట్లాడితే అరగదు."

"కూర్చోడానికి రాలేదండీ. గోడలో పైపు పాడైతే ఇంటివాళ్ళే బాగుచేయించాలి. అగ్రిమెంటులో ఆ ముక్క ఉంది. మీరు చేయించకపోతే నేనే చేయించి అద్దెలో మినహాయించుకుంటాను. ఆ హక్కు నాకుంది."

"నా గోడ పగలగొట్టే హక్కు కూడా ఉందా?"

పైపులాయన లోలోపల నవ్వుకున్నాడు.

పాడైంది ఎక్కడో ఆయనకు తెలియనిది కాదు. పై బాత్‌రూమ్ నీళ్ళను దించే గొట్టం గోడలోంచి కింద ఆయన బాత్‌రూమ్ పక్కగా దిగుతుంది. మధ్యలో అతుకు ఊడి గొట్టం పక్కకు జరిగింది. దాంతో పైన నేల ఆరదు, పాచి కడుతుంది. కింద గోడకు చెమ్మ. ఆ చెమ్మ ఈమధ్య మనిషెత్తు పాకింది. దూరంనుంచి చూస్తే ఎవరో గోడకు ఆనుకుని నిలబడ్డట్టే ఉంటుంది. అతికించే సరుకంతా షాపులో ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. కానీ ఆ అతుకులోంచి నీళ్ళే కాదు, మాటలు కూడా దిగుతాయి.

పైన వీళ్ళు నీళ్ళు వాడటం మొదలుపెట్టినప్పటినుంచీ గడ్డం గీసుకునేటప్పుడు రోజూ వింటున్నాడు. సన్నటి ఆడగొంతు, నీళ్ళలో నానినట్టు. "ఏమండీ, ఆ పైపు సంగతి చూడండి. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది." మగగొంతు ఒక్కసారి కూడా బదులివ్వదు. పెళ్ళాం పోరుకు మౌనమే మందని కుర్రాడు అప్పుడే కనిపెట్టాడే అని పైపులాయన మెచ్చుకునేవాడు. ఒకప్పుడు తానూ ఆ మందే వాడాడు.

ఒక్కోసారి ఆ గొంతు వింటే చెంప మీద బ్లేడు ఆగిపోయేది. అయినా వినడం మానలేదు. అవతలివాడి అవసరం ముందే తెలిసినవాడికి బేరంలో ఓటమి లేదు. అలాంటి చెవిని చేజేతులా సిమెంటు పెట్టి మూసుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా?

"తనకి నెలలు నిండుతున్నాయండీ," అన్నాడు దర్జీ. "ఆ పాచి మీద కాలు జారితే రెండు ప్రాణాలు." అతని చూపు గోడమీద దండ వేసిన ఫోటో మీద పడింది. "పిన్నిగారు పడిపోయింది కూడా అక్కడేనటగా. మీరు పై వాటాలో ఉన్నప్పుడు."

"ఎవరు చెప్పారు?"

"ఎదురింటివాళ్ళు."

"కాలం తీరింది, పోయింది. దానికి పైపేం చేస్తుంది?" అన్నాడు పైపులాయన, ఫోటో వైపు చూడకుండా.

ఇంతలో పైనుంచి టకటకమని చప్పుడైంది. పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నారు.

"తను పిలుస్తోంది. ఒక్క నిమిషం," అంటూ దర్జీ మెట్ల దగ్గరికి పోయి, తల పైకెత్తి వస్తున్నానన్నట్టు చేయి ఊపాడు.

మొగుణ్ణి పిలవడానికి దండోరా కూడానా అనుకున్నాడు పైపులాయన. ఎదురుపడితే ఆ పిల్ల నవ్వి తల ఊపుతుందే గాని పెదవి విప్పదు. ఇంటివాడితో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు. మాటలన్నీ బాత్‌రూమ్‌కే దాచుకుంటుంది.

దర్జీ తిరిగివచ్చాడు. "ఆఖరి మాట చెప్పండి. ఈ వారంలో చేయిస్తారా, మమ్మల్ని ఖాళీ చేసి పొమ్మంటారా?"

"పో."

"నిజంగానే పోతామండీ."

"పోవు."

"ఏం చూసుకుని అంత ధీమా?"

పైపులాయనకు హుషారొచ్చింది. బేరం తెగేముందు అవతలివాడి గుట్టు వాడి ముందే విప్పడంలో ఉన్న రుచి ఆయనకు మరెందులోనూ దొరకదు.

"నువ్వు పోదామన్నా మీ ఆవిడ కదలదు. గోడలోంచి నాకన్నీ వినిపిస్తాయిలే. ఇందాక నేను గడ్డం గీసుకుంటుంటే ఏమంది? 'ఏమండీ, ఆ పైపు బాగుచేయించేదాకా ఈ ఇల్లు వదిలి నేనెక్కడికీ పోను' అనలేదూ? రోజూ అదే పాట. ఇంటిది పోనంటుంటే నువ్వొచ్చి నన్ను బెదిరిస్తావేంటి?"

దర్జీ నవ్వలేదు, కోప్పడలేదు. మెడలోని టేపు తీసి పిడికిట్లో బిగించాడు. అతని వెనక, మెట్ల మీద, భార్య వచ్చి నిలబడి ఉంది. ఒక చేతిలో గరిటె, ఒక చేయి కడుపు మీద. పైపులాయన మాటలన్నీ ఆమె విన్నది. మొగుడివైపు చూసింది, ఆ తర్వాత గోడమీది ఫోటో వైపు చూసింది.

లోపల బాత్‌రూమ్ గోడలో నీళ్ళు జారుతున్న చప్పుడు వినిపిస్తోంది. పైన నీళ్ళు వాడేవాళ్ళెవరూ లేరు.

"ఏం, ఇద్దరికీ నోరు పడిపోయిందా?" అన్నాడు పైపులాయన.

"మా ఆవిడకి పుట్టుకతోనే మాట రాదండీ," అన్నాడు దర్జీ.