తెగిన చోట తెల్లచుక్క

ఉమామహేశ్వరం మోపెడ్ దిగి లోపలికొచ్చి, తెగిన రబ్బరు సీలు బల్ల మీద పెట్టాడు.

వీరవేణికి చిర్రెత్తుకొచ్చింది.

"మళ్ళీ మీరేనా?"

"ఆయ్, నేనేనండి. ఇదీ తెగిపోయిందండి."

అది 2008 వేసవి. యానాం పక్కన మెట్టకూరులో వీరవేణిది చిన్న రబ్బరు ఫ్యాక్టరీ. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లకు సీళ్లు చేస్తుంది. సీలు తెగిందంటే ఉప్పునీరు లోపలికి దిగి ఏరియేటరు ఆగిపోతుంది. అందుకే రబ్బరులో నానో సిలికా అనే అతి సన్నటి పొడి కలిపి, ఎండకూ ఉప్పుకూ లొంగని సీలు చేయాలని ఆమె పట్టుదల. పాలిమర్ల చదువు చదివింది. చేసి తీరుతానన్న నమ్మకం ఉంది.

వాడి చూడమని నలుగురైదుగురు రైతులకు ఉచితంగా ఇచ్చింది. మిగతావాళ్లు బిగించకుండానే మూల పడేశారు. పోలేకుర్రు నుంచి వచ్చే ఈయనొక్కడే వదలడం లేదు.

"బిగించడంలో మీరే ఏదో తేడా చేస్తున్నారు బాబాయిగారూ. మా ల్యాబులో బ్రహ్మాండంగా తిరిగింది."

"అయ్యుండొచ్చండి. ఇంకోటి ఇప్పించండి, జాగ్రత్తగా బిగిస్తాను."

కోపం లేదు. నష్టం మాట లేదు. పంట మీదున్న రైతు ఇంత నింపాదిగా ఉంటాడా? ఏ పోటీ కంపెనీ వాళ్లో పంపి ఉంటారని ఆమెకు అనుమానం.

ఆయన వెళ్లాక సీలును కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

తెగిన చోట తెల్లచుక్క.

సిలికా రేణువులు రబ్బరంతా సమంగా పరుచుకోలేదు. ఒకదాన్నొకటి కరుచుకుని ఉండ కట్టాయి. చీలిక అక్కడే మొదలైంది.

మళ్ళీ వచ్చినప్పుడు ఆయనకూ చూపించింది.

"ఇదిగోండి దొంగ!"

ఆయన ఒక కన్ను మూసి చూశాడు. "ఇంత చిన్నదాండీ! ఇది పోద్దంటారా?"

"పోకేం చేస్తుంది? పోయేదాకా నేను వదలను."

ఆయన నవ్వాడు. "అయితే నేనూ వదలనండి."

పొడి ఒక్కసారిగా గుమ్మరించడం మానేసింది. కొద్దికొద్దిగా కలిపించింది. సిలికాను రబ్బరుతో అతికించే సైలేన్ ద్రవం చేర్చింది. కలిపే యంత్రం దగ్గర నిలబడి వేడి తనే చూసుకుంది. ఆయన తెగిన సీలు తెచ్చిన ప్రతిసారీ చుక్క చిన్నదవుతూ వచ్చింది.

ఆ తర్వాత ఆయన రావడం మానేశాడు.

వానలు కూడా వెళ్లిపోయాయి. ఆయనకు చివరగా ఇచ్చిన తయారీలోంచే దాచిన సీలును వీరవేణి కోసి చూసింది. చుక్క లేదు. రబ్బరంతా ఒకే తీరు!

తయారైన మొదటి పెట్టె ఆయన చేతికే ఇవ్వాలని స్కూటర్ మీద పోలేకుర్రు వెళ్లింది. గట్టు మీద గోపి అనే కుర్ర రైతు మేత చల్లుతున్నాడు.

"ఉమామహేశ్వరం గారి చెరువు ఎక్కడండి?"

"పక్కదేనండి. లీజు వదిలేశారు. కాపలా పని దొరికిందని చెన్నై వెళ్లిపోయారు."

"అయ్యో! ఆయన ఏరియేటరుకి మా సీలు ఉండాలి..."

"మీరా మేడంగారూ? అదిగోండి, నా చెరువులో తిరిగేది అదేనండి. 'సీలు గట్టిదేరా, భయపడకు' అని నాకిచ్చి వెళ్లారు. తెగలేదండి ఇంతవరకూ."

నీళ్లు ఎగజిమ్ముతూ తిరుగుతున్న చక్రాలను చూసి వీరవేణి మనసు నిండిపోయింది.

"అయితే ఆయన పంట కూడా బాగా వచ్చుండాలే!"

గోపి చేతిలో మేత అలాగే ఉండిపోయింది.

"ఆయనకి పంటెక్కడిదండీ? మీ మొదటి సీలు తెగిన రోజే గాలందక రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. ఇంకో రైతుకి అలా కాకూడదని, మీ సీలు కుదిరేదాకా ఆయన ఏరియేటరు తిప్పింది వట్టి నీళ్లలోనండి."