ఊఁ కొట్టినంతసేపు

రోజంతా బస్సు నిండా జనాన్ని అదుపులో పెట్టే కండక్టరుకి, ఇంట్లో మూడేళ్ళ కూతురు బుజ్జి కొరకరాని కొయ్యగా తయారైంది. లైటు ఆర్పగానే దానికి దాహం. తర్వాత ఒంటేలు. తర్వాత మళ్ళీ దాహం.

"ఈసారి నాకు కాదు నాన్నా, వాడికి," అంటూ మంచానికీ గోడకీ మధ్య సందు చూపించింది.

దీని వేషాలకి అంతు లేదనుకుని, నవ్వుతూ నీళ్ళ గ్లాసు ఆ సందులో పెట్టాడు.

"ఇక ఒక్కటే కథ. ఊఁ కొట్టినంతసేపూ చెప్తా. ఊఁ ఆగిందా, కథా ఆగిపోతుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

ఏనుగు బస్సెక్కిన కథ ఎత్తుకున్నాడు. చీకట్లో "ఊఁ" వినిపించింది. టికెట్టు అడిగితే తొండం ఊపిందన్నాడు. "ఊఁ." కూర్చోగానే సీటు విరిగిందన్నాడు. "ఊఁ, ఊఁ." అతనికి హుషారొచ్చేసింది. ఇంత ముచ్చటగా వినేవాళ్ళుంటే ఎవరికి ఆపబుద్ధవుతుంది? గొంతు మార్చి, చేతులూపుతూ బస్సుని కొండ ఎక్కించాడు.

ఆ ఊపులో చెయ్యి బుజ్జి మొహానికి తగిలింది. నోట్లో బొటనవేలు పెట్టుకుని, సన్నగా గురక పెడుతోంది.

గెలిచానని సంబరపడుతూ కథ ఆపేశాడు.

"ఊఁ," అని వినిపించింది సందులోంచి.

ఖాళీ గ్లాసు నేల మీద దొర్లింది.

"ఊఁ కొడుతున్నాగా," అంది ఆ గొంతు బుజ్జగింపుగా. "ఒట్టేశావు."

కండక్టరు నిద్రపోతున్న కూతుర్ని గుండెకి హత్తుకున్నాడు.

"రైట్, రైట్," అన్నాడు. బస్సు మళ్ళీ కదిలింది.