ఎడమచేతి బేరం

"ఎడమచెయ్యి బాగానే ఉంది కదా, దాంతో బేరాలు చేసుకోవచ్చు" అన్నాడు బీమా కంపెనీ ఆఫీసర్ ప్రశాంత్, దేవిదాస్‌ను కిందికీ మీదికీ చూసి.

ఆర్మూర్ కోర్టులో లోక్ అదాలత్ నడుస్తోంది. జడ్జి బల్లకు ఒక పక్క ప్రశాంత్. ఇంకో పక్క దేవిదాస్, ఆయన భార్య పోచవ్వ, వాళ్ల వకీలు దివ్యశ్రీ. దేవిదాస్ చొక్కా కుడిచెయ్యిని మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టారు. కింద చెయ్యి లేదు. హైవే మీద ఈ కంపెనీ బీమా ఉన్న లారీ ఆ చేతి మీంచి పోయింది. దానికి దివ్యశ్రీ పదహారు లక్షలు అడుగుతోంది. కంపెనీ నాలుగు దగ్గర కూర్చుని లేవనంటోంది.

దివ్యశ్రీ మళ్లీ ఓపికగా చెప్పుకొచ్చింది. ఈయన పసుపు దళారి. కల్లాల దగ్గర రైతుకూ సేటుకూ మధ్య ధర ఈయన తువ్వాల కిందే తెగుతుంది. పక్కవాడికి తెలియకుండా చెయ్యి చెయ్యి పట్టుకుని వేళ్లతో చెప్పుకుంటారు. ఎడమచెయ్యి ఇస్తే ఏ సేటూ పట్టుకోడు, సరుకుకు అరిష్టం అంటాడు. కాబట్టి ఒక్క చెయ్యి పోయిందంటే ఈయనకు బతుకుదెరువు మొత్తం పోయినట్టే.

జడ్జికి కేసు కంటే తువ్వాల నచ్చినట్టుంది. వేళ్లతో ధర ఎట్లా చెప్తారని అడిగాడు.

దేవిదాస్ ముఖం వెలిగిపోయింది. "ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పెడు పట్టుకుంటే అయిదు సారూ. ముందుగాల పదులు, ఎనుక ఒకట్లు. వేళ్లు అంకెనే చెప్తయి. పసుపుకైతే ఒకటంటే వెయ్యి, ఎడ్లజతకైతే ఒకటంటే లక్ష. అంతా సరుకును బట్టి."

"ఇదేం పెద్ద విద్య" అంటూ ప్రశాంత్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తనకు కుడీ ఎడమా పట్టింపు లేదన్నాడు. ఇప్పుడే, ఇక్కడే, ఈయన ఎడమచేత్తోనే బేరం చేయించి చూపిస్తానన్నాడు. బేరం తెగిందంటే చెయ్యి పనికొచ్చినట్టే, నాలుగు లక్షలకు సంతకం పెట్టాలన్నాడు. దివ్యశ్రీ వద్దని నోరు తెరిచే లోపే దేవిదాస్ భుజం మీది తువ్వాల తీసేశాడు.

పెనిమిటి గుణం పోచవ్వకు తెలియంది కాదు. బేరం అంటే ఆయనకు పూనకమే. ఆటోవాడితో పది రూపాయల కోసం బేరం పెట్టుకుని, అది తెగే లోపు ఊరికి నడిచే చేరుకుంటాడు. మొన్న దవాఖానలో మత్తు పూర్తిగా దిగకముందే, పక్క మంచం ముసలాయన బర్రెను ఎదురు మంచం ఆయనకు అమ్మించాడు. ఆమె బల్ల కింద ఆయన తొడ గిల్లింది.

"పిచ్చోని లెక్క చెయ్యి. బేరం కుదరొద్దు, జర యాదుంచుకో."

"నాకెరుకే" అన్నాడు దేవిదాస్. ఆ కళ్లలో మెరుపు చూస్తే ఎరుక ఉన్నట్టు ఆమెకు అనిపించలేదు.

"సరుకేది మరి, ఇక్కడ బస్తా లేదే" అన్నాడు ప్రశాంత్ నవ్వుతూ.

"సరుకు నాదే సారూ. మీరు ధర చెప్పుండ్రి."

రెండు చేతులూ తువ్వాల కిందికి పోయాయి. మొదటి వేలు పట్టుకోగానే ప్రశాంత్‌కు చక్కిలిగిలి అయి కిసుక్కున నవ్వి చెయ్యి లాక్కున్నాడు. జడ్జి కళ్లద్దాల పైనుంచి చూసేసరికి గంభీరంగా మళ్లీ పెట్టాడు. తువ్వాల కింద రెండు పిల్లులు కొట్లాడుతున్నట్టుంది. గుట్టుగా సాగాల్సిన బేరాన్ని ప్రశాంత్ ఎప్పటికప్పుడు జడ్జికి చాటుతున్నాడు. తాను పన్నెండు ఇచ్చాడట. ఈయన ఇరవై అంటున్నాడట. ఎడమచేత్తో ఎంత స్పష్టంగా చెప్తున్నాడో చూడమన్నాడు.

పన్నెండు అనగానే దేవిదాస్ తువ్వాలతో సహా లేచి నిలబడ్డాడు. హమ్మయ్య, చెడింది అనుకుంది పోచవ్వ. ప్రశాంత్ వదిలితే కదా. బేరం తెగాలని ఆ గదిలో అందరికంటే ఆయనకే ఆత్రం. ముంజెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి పదిహేను అన్నాడు, పదిహేడు అన్నాడు. లేని పసుపుకు ఎంతైతేనేం అనుకున్నాడు. పోచవ్వ పెనిమిటి కాలు తొక్కింది. ఆయన ఆ కాలు జరుపుకుని, ప్రశాంత్ చేతిని ఒక్కసారి గట్టిగా ఊపి తువ్వాల లాగేశాడు.

"తెగింది" అన్నాడు ప్రశాంత్, పెళ్లి కుదిరినంత సంబరంగా.

దివ్యశ్రీ తల వంచుకుని ఫైలు కట్టసాగింది. పోచవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ మనిషినే తువ్వాల కింద పెట్టి అమ్ముదామంటే కొనేవాడు కూడా దొరకడు కదా అని ఆమె ఏడుపు.

ఎడమచేతి బేరం చెల్లుతుందని కంపెనీ ఒప్పుకున్నట్టేనా అని జడ్జి అడిగాడు.

"నూటికి నూరు పాళ్లు సార్. పద్దెనిమిదికి కొన్నాను. మాటంటే మాటే, రాసుకోండి."

జడ్జి రాసుకున్నాడు. రాసి, కలం ఎత్తి, దేవిదాస్ వైపు చూశాడు. "సరుకు పేరు కూడా రాయాలి కదా. ఇంతకూ ఏం అమ్మావు?"

దేవిదాస్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"లారీ కింద పోయిన నా కుడిచెయ్యి సారూ. బేరం చెల్లుతదంటే పద్దెనిమిది లక్షలు ఇప్పియ్యుండ్రి, చెల్లదంటే మా వకీలమ్మ అడిగిన పదహారే రాయుండ్రి."