ఎడమ మోకాలి కీలు

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

మౌస్ అక్క తల తిప్పలేదు. పొద్దుటి నుంచి ఆమె చెయ్యి మౌసును వదల్లేదు. ఎప్పుడూ వదలదు కనకే వర్క్‌షాపులో ఆమెకు ఆ పేరు స్థిరపడింది.

వర్క్‌షాపు మేనమామది. కస్టమర్లు చదునైన గీతల బొమ్మ పంపితే, దాన్ని కంప్యూటర్లో అన్ని వైపులా తిప్పి చూసుకునే నిండు ముక్కగా, అంటే మోడల్‌గా, మలిచి మెషీనుకు అప్పగించడం ఆమె పని.

ఆ రోజు పని ఒక మోకాలి కీలు. ఆరేళ్ళ పాపకు పెట్టే కృత్రిమ కాలికోసం ఆసుపత్రి వాళ్ళు పంపారు. ఎడమ కాలు. ఎప్పుడో కాగితం మీద గీసిన డ్రాయింగును ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించి, పాప కొలతలకు కుదించారు.

లోహపు దిమ్మ ఒక్కటే ఉంది. అది చెడితే ఇంకొకటి రావడానికి రెండు నెలలు పడుతుంది. మర్నాడే కాలు అమర్చాలి. ఆ పిల్ల కొత్త బూట్లు కొనిపించుకుని, రెండూ దిండు పక్కన పెట్టుకుని పడుకుంటోందట.

"ఎవరు కావాలండీ?" అంది మౌస్ అక్క, స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే.

"ఎవరూ వద్దమ్మా. ఆ కీలు ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని."

అప్పుడు ఓరకంట చూసింది. మాసిక వేసిన చొక్కా, చేతిలో కళ్ళజోడు డబ్బా. పాప తాతయ్య అయ్యుంటాడనుకుంది. తొందరపెట్టడానికి ఆసుపత్రి వైపు నుంచి రోజుకొకరు వస్తూనే ఉన్నారు మరి.

గదిలో రెండో కుర్చీ లేకపోలేదు. దాని మీద పాత ఫైళ్ళు కాపురం పెట్టి రెండేళ్ళయింది. ఆయన బల్ల అంచు పట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు.

నిలబడ్డవాడు ఊరుకున్నాడా? అరగంట పోయాక ముందుకు వంగాడు.

"అమ్మా, ఇది కుడికాలికి వచ్చిందే."

మౌస్ అక్కకు ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళలో ఆమె చేసిన ముక్క ఒక్కటీ తిరిగి రాలేదు. డ్రాయింగులో ఉన్నదే చేశానని, కొలతలన్నీ రెండుసార్లు సరిచూశానని పుల్లవిరిచినట్టు చెప్పింది.

"కొలతలు తప్పని అనలేదమ్మా."

అవతల ఆపరేటర్ దిమ్మను మెషీనులో బిగించేసి, మోడల్ పంపమని రెండుసార్లు కేకేశాడు. మేనమామ అద్దం వెనక నుంచి గడియారం చూపించాడు. మౌస్ అక్క పంపబోయింది.

పెద్దాయన ఆమె చేతికి అడ్డంగా కళ్ళజోడు డబ్బా పెట్టాడు.

ఆమెకు కోపం నషాళానికి అంటింది. ఆయన మాత్రం తొణకలేదు. ఒక తెల్లకాగితం లాక్కుని, దాని మీద డబ్బాను మెల్లగా కుడివైపుకు దొర్లించాడు.

"మా రోజుల్లో వస్తువును ఇలా దొర్లించినట్టు గీసేవాళ్ళం. కుడికి దొర్లితే ఎడమ పక్క పైకి వస్తుంది, కాబట్టి కుడిపక్కన కనబడే బొమ్మ, ఎడమ నుంచి చూసింది. నువ్వు కుడి నుంచి చూసిందనుకున్నావు. కొలతలన్నీ సరిపోతాయి తల్లీ. కాలే మారిపోతుంది."

మౌస్ అక్క చెయ్యి మొదటిసారి మౌసును వదిలింది.

ఏ పద్ధతిలో గీశారో చెప్పే గుర్తు డ్రాయింగు మూలన ఉండాలి. ఇందులో లేదు. లేకపోతే అడిగి తెలుసుకోవాలని ఆమెకు తెలుసు. తొందరలో అడగలేదు. ఆసుపత్రి ఆఫీసుకు ఫోన్ చేసి, అసలు కాగితం మూలను ఫొటో తీసి పంపమంది. ఎక్కించినవాళ్ళు వదిలేసిన గుర్తు అందులో స్పష్టంగా ఉంది. పెద్దాయన చెప్పిందే నిజం.

ఆయన అడ్డుపడకపోతే ఆ పాప బూట్లు రెండు నెలలు దిండు పక్కనే ఉండేవి.

మళ్ళీ మొదటి నుంచి మలిచింది. ప్రతి గీతకూ వెనక నుంచి "ఊఁ" అని ఒక మాట వినబడుతూనే ఉంది. ఆ "ఊఁ" ఆమెకు కొండంత ధైర్యమైంది. చివరికి మోడల్ వెళ్ళింది. మెషీను శబ్దం మొదలైంది.

అప్పుడు తట్టింది ఆమెకు. ఫైళ్ళన్నీ రెండు చేతులా ఎత్తి నేలమీద పడేసి, కొంగుతో కుర్చీ దుమ్ము తుడిచింది.

"కూర్చోండి తాతగారూ."

వెనక ఎవరూ లేరు. వీధి మలుపుదాకా పరిగెత్తింది. అక్కడా లేడు. పేరైనా అడగలేదే అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. కీలు అచ్చంగా కుదిరిందని, రెండు బూట్లూ వేసుకుని పాప ఐదడుగులు నడిచిందని, ఆరో అడుగుకు వాళ్ళమ్మ ఏడ్చేసిందని చెప్పింది.

మౌస్ అక్క కూడా కళ్ళు తుడుచుకుంది.

"ఆ పుణ్యం నాది కాదు డాక్టరుగారూ. పాప తాతయ్యగారిది. ఆయనకు నా దండాలు చెప్పండి."

"పాపకు తాతయ్యలెవరూ లేరే" అంది డాక్టరమ్మ.

మాసిక చొక్కా గురించి, కళ్ళజోడు డబ్బా గురించి మౌస్ అక్క చెప్పింది. అవతల డాక్టరమ్మ నవ్వింది.

"ఆయనా? నిన్న సాయంత్రం ఇటే వచ్చారు. పని మంచి చేతుల్లో ఉంది, బెంగపడకండి అని చెప్పి వెళ్ళారు. నలభై ఏళ్ళ కిందట ఆ కీలు ఆయన తన ఎడమకాలికి గీసుకున్నదేనమ్మా, ఇప్పటికీ దాని మీదే నడుస్తారు. ఎక్కువసేపు నిలబడలేరు పాపం, కుర్చీ వేశారు కదా?"