గ్రీసు పాఠం

“ఆఖరి ప్రశ్నకు భర్తలే జవాబు చెప్పాలండీ. ఆడవాళ్లు పెదవి కదిపినా ఆట పోయినట్టే,” అన్నాడు మైకు పట్టుకున్న తిరుమలరావు.

ప్రమీల మొగుడి వైపు చూసింది. ఖతార్‌లోని అల్ వక్రా ఊళ్లో తెలుగువాళ్ల దంపతుల క్విజ్‌లో ఇంతదాకా లాక్కొచ్చింది తనే. బీఏ హిస్టరీ మరి. మొగుడు చిరంజీవి క్రేన్ ఆపరేటర్, చదువు పదితో సరి. వాళ్ల తరఫున చప్పట్లు కొట్టడానికి వచ్చింది కూడా నైట్ డ్యూటీ దిగిన క్యాంపు దోస్తు ముత్యం ఒక్కడే.

“ఆటోమన్ సుల్తాన్ మీద తిరగబడ్డ గ్రీసు కోసం, నవారినో దగ్గర ఓడలతో యుద్ధానికి దిగిన మూడు దేశాలేవి?”

ఎదుటి జంటలోని ఫయాజ్ “ఇటలీ, జర్మనీ...” అని ఆగిపోయాడు. తప్పు. వంతు చిరంజీవికి వచ్చింది.

“ఇది క్రేన్ తోలడం కాదులే అన్నా,” అన్నాడు ఫయాజ్. హాలంతా నవ్వింది.

ప్రమీల ఒళ్లో చేతులు బిగించుకుంది. నిశ్చితార్థమయ్యాక, పరీక్షల ముందు, ఇక్కడి మెసయీద్ కార్మికుల క్యాంపులో ఉన్న అతనికి రోజూ ఫోన్లో పాఠాలు చదివి వినిపించేది. పది నిమిషాలకే అటునుంచి గురక. పరీక్ష తనది గనుక చదువు ఆపలేదంతే. పెళ్లయి ఇక్కడికొచ్చిన ఈ నెలలో ఆ గురక మళ్లీ వినలేదు. కొత్త పెళ్లానికి జడిసి పారిపోయిందని ఎన్నిసార్లు నవ్వుకుందో.

“బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా,” అన్నాడు చిరంజీవి.

“గుడ్డి దెబ్బ కదూ అన్నా?” అన్నాడు ఫయాజ్.

“కాదు తమ్మీ. ముందుగాల ఏ రాజూ గ్రీసు దిక్కు చూడలే. సుల్తాన్ గద్దె ఊగితే తమ గద్దె గూడ ఊగుతదని భయం. గా దేశాల జనమే చందాలేసిండ్రు, తుపాకులు పట్టుకొని పోయిండ్రు. గప్పుడు కదిలిండ్రు రాజులు.”

గద్దె ఊగడం ఏ పుస్తకంలోనూ లేదు. అది ప్రమీల తన నోట్సులో సొంతంగా రాసుకున్న మాట.

హాలు మారుమోగింది. ముత్యం చప్పట్లే వినపడలేదు. బహుమతి ప్రెషర్ కుక్కర్‌ను చంకనెత్తుకుని వస్తున్న మొగుణ్ణి చూస్తుంటే, ఆ మూడు దేశాల ఓడలూ తన రేవుకే వచ్చినట్టు తల ఎత్తుకుని కూర్చుంది ప్రమీల.

“పాఠం సదువుతుంటే గురక పెడుతుంటివి గదా, గిదంతా ఎప్పుడు విన్నవ్?” అంది చెవిలో.

చిరంజీవి వెనక వరుసకేసి వేలు చూపించాడు. అక్కడ, క్యాంపులో అతని కింది మంచం మీద పడుకునే ముత్యం కుర్చీలో వెనక్కి వాలి, ఆమె ఇన్నాళ్లూ ఫోన్లో విన్న గురకే పెడుతున్నాడు.