సాలీడుకి పెట్టిన పేరు

"ఇందులో నా పేరేదండి, సార్?"

వ్యాసం టైపు కాగితాలు బల్లమీద పెట్టి నిలదీసింది కుసుమకుమారి. శేషగిరిరావు తలెత్తలేదు. టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. తెనాలిలో ఆ కాలేజీకి ఆయన జంతుశాస్త్రం హెడ్డు. ఆమె ఆయన కింద డిమాన్‌స్ట్రేటరు.

"కూర్చోమ్మా."

"కూర్చోనండి. మోకాళ్లలోతు బురదలో దిగి సాలీడును పట్టింది నేను. బొమ్మలు గీసింది నేను. కొత్త జాతి అని తేల్చింది నేను. పైన మీ పేరొక్కటే ఉందేంటండి?"

ఆమె మాటలో అబద్ధం లేదు. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు, మురుగుకాలవ గట్టున జమ్ము ఆకుల మధ్య ఆవగింజంత సాలీడు ఆమె కంటబడింది. వీపుమీద పసుపుచార. ఇంకొకరైతే దులిపేసుకుని పోయేవాళ్లు. ఈమె పమిట చెంగుతో మూసి పట్టుకుని, పిన్నిని ఖాళీ హోమియో సీసా అడిగి, అందులో వేసుకుని తెచ్చింది. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, ఆ గట్టుమీదే ఉండేది. ఆడదీ మగదీ రెండూ దొరికేదాకా వదల్లేదు. మగ సాలీడు మూతి పక్కన చేతుల్లాంటి బుల్లి అవయవాలుంటాయి. ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా తెలిసేది అక్కడే. మైక్రోస్కోపులో వాటి కొసలు చూసి చూసి బొమ్మ గీసేసరికి ఆమె కుడికంట ధారగా నీళ్లు కారేవి. ఉన్న పుస్తకాలన్నీ గాలించింది. అలాంటి కొస ఏ సాలీడుకీ లేదు.

శేషగిరిరావు చేసిందల్లా ఆమె ఇంగ్లీషును సరిదిద్ది తిరగరాయడం.

"నీ పేరు లేదని ఎవరన్నారమ్మా?" అన్నాడాయన టీ గుక్క మింగి. "సాలీడుకి ఏం పేరు పెట్టానో చూశావా?"

ఆమె వంగి చూసింది. 'కుసుమే' అని ఉంది.

"లాటిన్‌లో ఆడవాళ్ల పేరు అలాగే రాస్తారు. కుసుమది అని అర్థం."

కుసుమకుమారి ఆ పేరునే మళ్లీ చూసింది.

"రాసినవాళ్లు తమ పేరు తామే పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. అందుకని పైన నిన్ను తీసేశాను. కాదు, నాకు పైనే కావాలంటావా? ఇప్పుడే టైపు చేయిస్తాను. సాలీడుకి ఇంకో పేరు చూద్దాం. నీ ఇష్టం. వ్యాసాలు బీరువాల్లో పడి ఉంటాయమ్మా. జాతి పేరు మాత్రం నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటుంది."

ఆమె కాగితాలు తిరిగి ఆయన ముందుకు జరిపింది.

"ఉండనివ్వండి సార్," అంది చివరికి. గది బయటికొచ్చాక తను నెగ్గిందో ఓడిందో ఆమెకే తెలియలేదు.

చేబ్రోలులో తల్లి వెంకటరమణమ్మ ఈ సంగతి వీధంతా చెప్పుకొచ్చింది. ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

"అదేంటి వదినా, కడుపున పుట్టిన బిడ్డకి పేరు పెట్టుకునే ఈడులో పురుగుకి పెట్టించుకుందా మీ అమ్మాయి?"

వెంకటరమణమ్మ ఆవిడ ముందు నవ్వేసి, ఇంట్లోకొచ్చి గిన్నెలు ఎత్తికుదేసింది. కుసుమకుమారి అన్నీ విని ఊరుకుంది. లోపల మాత్రం, అననీ, పేరుంది కదా అనుకుంది.

మరుసటేడు వ్యాసం కలకత్తా పత్రికలో అచ్చయింది. శేషగిరిరావు స్టాఫ్‌రూములో అందరికీ లడ్డూలు పంచి, ఆమెను పిలిచి బొమ్మలున్న పేజీ చూపించాడు. కింద పేరుంది. ఆ అక్షరాలమీద ఒకసారి వేలు పెట్టి చూసుకుంది.

"ఒక్క కాపీయే వచ్చిందమ్మా," అంటూ ఆయన పత్రిక మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అరవై ఏడు వేసవిలో బాపట్లలో ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగం ఖాళీ పడింది. ఇంటర్వ్యూకి వెళ్లింది. బల్లకి అవతల పెద్దాయన బసవేశ్వరరావు ప్రశ్నలన్నీ అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది.

"వ్యాసాలేమన్నా అచ్చయ్యాయా అమ్మా?"

"లేదండి."

"ఒక్కటి కూడా?"

"లేదండి."

ఆయన పక్కనున్న ఇద్దరి వంకా చూసి, ఫైలు మూసేశాడు. "వచ్చినవాళ్లలో తతిమ్మా అందరికీ ఉన్నాయమ్మా. మంచిది, వెళ్లిరండి."

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"నగరంలో దొరికిన కొత్త సాలీడు... 'కుసుమే'. తెలుసాండి మీకు? ఆ కుసుమ నేనేనండి. పట్టిందీ బొమ్మలు గీసిందీ కూడా నేనే. అందుకే నా పేరు పెట్టారండి."

బసవేశ్వరరావు ముఖం విప్పారింది. "ఆ సాలీడా! ఎంత చక్కటి బొమ్మలమ్మా అవి! రండి, రండి, కూర్చోండి."

ఆయనే లేచి వెనక బీరువాలోంచి పత్రిక తీశాడు. పక్కవాళ్లకి బొమ్మలు చూపించాడు. వాళ్లు వంగి చూసి తలలాడించారు. కుసుమకుమారి కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్లకి తన పేరు తనకి అక్కరకొచ్చింది.

బసవేశ్వరరావు పేజీలు తిప్పి ఆఖరి పేరా చదివాడు. మళ్లీ చదివాడు. ఆమె ఫైలు తెరిచి చూశాడు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. అంతవరకూ ఉన్న నవ్వు ఆయన ముఖంలో లేదు.

"ఇదేంటమ్మా, దరఖాస్తులో పెళ్లి కాలేదని రాశారు? ఈ సాలీడును నగరంలో పట్టి తెచ్చిన తన భార్య కుసుమాంబ పేరే దీనికి పెట్టానని శేషగిరిరావుగారు ఇక్కడ రాసుకున్నారే!"