గోలు వెనక ముసలాయన

"ఓ తాతా! బంతి!"

అభినవ్ అరిచాడు. అరిచింది తెలుగులోనే. చేత్తో చేసిన సైగకి భాష అక్కర్లేదు.

గోలు వెనక పొదల్లో పడ్డ బంతిని ముసలాయన చేతికర్రతో బయటికి లాగి, ఎడమ కాలితో తన్నాడు. అది నేరుగా వచ్చి అభినవ్ పాదాల దగ్గర ఆగింది.

ఆ తన్నుడు ఎవరూ పట్టించుకోలేదు.

జర్మనీలో, పాడర్‌బోర్న్ ఊళ్లో ఆదివారం ఫుట్‌బాల్ ఆట అది. ఆ ఏడు యూనివర్సిటీలో ఎటు చూసినా తెలుగు పిల్లలే. పదకొండు మందిని పోగెయ్యడం ఎంత పని!

ముసలాయన ప్రతి వారం వచ్చి గోలు వెనక బెంచీ మీద కూర్చునేవాడు. కుడి మోకాలు వంగదు. మైదానం చూసుకునే పనివాడు అనుకున్నారు. తెల్లగా ఉన్నాడు కాబట్టి జర్మనే అనుకున్నారు. పేరు అడిగినవాడు లేడు. మనవాళ్లు మార్కులు అడుగుతారు, జీతం అడుగుతారు, గది అద్దె అడుగుతారు. పేరు అడగడానికే తీరిక ఉండదు.

శ్రీహర్ష డిఫెండర్. ఆట వచ్చని కాదు, లావుగా ఉన్నాడని అక్కడ నిలబెట్టారు. బంతి కనపడితే చాలు, దూకేవాడు, పడేవాడు. అవతలివాడు పక్కనుంచి పోయి గోలు కొట్టేవాడు.

ఆ రోజు అలా మూడుసార్లు పడ్డాడు.

"ఏం రా, మనసు ఏడ వెట్టి ఆడుతున్నవ్?" అన్నాడు అభినవ్.

మనసు పరీక్ష మీద ఉంది. ఇంకో మూడు వారాల్లో డేటాబేస్. రెండుసార్లు తప్పాడు. మూడోసారి ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. అదీ పోతే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది. ఆ వెనకే వీసా పోతుంది. రెండుసార్లు తప్పిన సంగతి సూర్యాపేటలో అమ్మకి ఇంకా తెలీదు.

అందరూ వెళ్లాక శ్రీహర్ష ఆ బెంచీ చివర కూలబడ్డాడు.

"ఎందుకలా దూకుతావు?" ముసలాయన ఇంగ్లీషులో అడిగాడు.

యాస వింతగా ఉంది. ఈ ఊరి జర్మన్ల ఇంగ్లీషు ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు శ్రీహర్ష.

"బంతి కోసం."

"బంతి ఎక్కడికీ పోదు. నువ్వెప్పుడు పడతావా అని అవతలివాడు చూస్తుంటాడు. నువ్వు నిలబడితే, తప్పు చేసేది వాడే."

ఎందుకో పరీక్ష గోలంతా చెప్పెయ్యాలనిపించింది. చెప్పేశాడు.

"ప్రశ్న అడగ్గానే ఏం చేస్తావు?"

"వచ్చిందంతా చెప్పేస్తాను. ఒక్కోసారి ప్రశ్న పూర్తి కాకముందే. మా బళ్లో ఆగితే, రాదనుకుని కూర్చోబెట్టేవాళ్లు."

"అంటే అక్కడా దూకుతున్నావు."



మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆ బెంచీయే బడి. ముసలాయన ప్రశ్నల కాగితం పట్టుకుని ఒక్కోటీ చదివేవాడు. అందులో ఆయనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చదివి, కర్ర గాల్లోకి ఎత్తేవాడు.

"ఇది నేల తాకేదాకా నోరు తెరవకు."

హాస్టల్ వంటగదిలో పక్క గది చంద్రిక ఒకటే నవ్వు.

"తాత దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటున్నవట! బంతులేరే ఆయనకు డేటాబేస్ ఏం ఎరుకరా?"

"డేటాబేస్ ఎరుక లేదు. ఆగుడు ఎరుక."

ఒకరోజు శ్రీహర్షే అడిగాడు. "మీరెప్పుడూ దూకలేదా?"

"ఒక్కసారి. ఆఖరి నిమిషంలో." ముసలాయన మోకాలు నిమురుకున్నాడు. "చాలామంది చూస్తుండగా."

ఏదో ఊళ్ల మధ్య పోటీ అయ్యుంటుంది అనుకుని ఊరుకున్నాడు శ్రీహర్ష.

పరీక్ష వారం ముసలాయన రాలేదు. బెంచీ ఖాళీ.

గురువారం ప్రొఫెసర్ మొదటి ప్రశ్న వేశాడు. శ్రీహర్ష నాలుక చివర మూడు పాఠాలు తోసుకొచ్చాయి. కర్రని తలుచుకున్నాడు. అది మెల్లగా దిగింది. దిగాక, అడిగినదానికే చెప్పాడు. రెండో ప్రశ్నలో మెలిక ఉంది. ఆగాడు కాబట్టి కనపడింది.

కాసేపు బయట నిలబెట్టి, లోపలికి పిలిచి చెయ్యి కలిపారు.

పాస్.

ఆదివారం అమ్మ పంపిన సకినాల డబ్బా పట్టుకుని మైదానానికి పరుగెత్తాడు. బెంచీ మీద ఎవరో తెలుగామె. ఒళ్లో ఆ కర్ర.

"హర్ష అంటే మీరేనాండీ? నా పేరు సిల్వీ. మాది తెనాలి. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని."

"ఆయనేరీ?"

"పోయారండీ. శుక్రవారం పొద్దున్న. గుండె. గురువారమంతా ఒకటే అడగడం, కుర్రాడు పడ్డాడా నిలబడ్డాడా అని. ఆదివారం మీరిక్కడికొస్తారని, ఈ కర్ర మీకిమ్మన్నారు."

శ్రీహర్ష సకినాల డబ్బా బెంచీ మీద పెట్టాడు. కర్ర తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"నిలబడ్డా," అన్నాడు, కర్రతోనే.

అభినవ్ వచ్చి నిలబడ్డాడు. "ఎవరక్కా పోయింది? మన బంతుల తాతనా?"

"బంతుల తాతేంటి బాబూ?" సిల్వీ వింతగా చూసింది. "నిన్నట్నుంచి ఐర్లండ్ నుంచి ఒకటే ఫోన్లు. అక్కడి పేపర్ల నిండా ఆయనే."

ఫోన్ తీసి చూపించింది. ఆకుపచ్చ చొక్కాలో ఓ యువకుడు. వెనక కిక్కిరిసిన స్టేడియం. ఎదురుగా బంతితో ఒకడు ఉరికి వస్తున్నాడు. ఇతను దూకలేదు, నిలబడి ఉన్నాడు.

కింద పేరుంది, ఫింటన్ హార్కిన్. శ్రీహర్ష దాన్ని మొదటిసారి చదివాడు.

పన్నెండేళ్లు ఐర్లండ్ గోలు ముందు నిలబడ్డ డిఫెండర్ చేత, ఆ వేసవంతా వాళ్లు గోలు వెనక బంతులు ఏరించుకున్నారు.